సంఘం గంజులు నేనే ఇచ్చాను

మొదటి అబద్ధం వాడిది, రెండోది నాది. రాయడానికి కూర్చున్నాక రెండూ రాయాలి.

మా ఊరు తరిగొప్పుల దగ్గర. మా కుల సంఘానికి ఆరు పెద్ద ఇత్తడి గంజులు ఉండేవి. పెళ్లికైనా చావుకైనా వంట వాటిలోనే. అవి పెట్టే అర్ర తాళంచెవి పద్నాలుగేళ్లు నా మొలతాడుకే ఉంది. అప్పటికి నాకు అక్షరం రాదు. అరవై దాటాక మనవరాలి పలక మీద దిద్దుకున్నాను. అయినా ఏ గంజు ఎవరింటికి పోయిందో ఒక్కనాడు తప్పలేదు. వంటకు పాత్ర అడిగిన మనిషిని నువ్వెవరు, ఏ ఊరు అని నిలదీయడం మా దగ్గర మర్యాద కాదు.

తెలంగాణ కోసం వంటావార్పులు జరుగుతున్న రోజులవి. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని తినేవాళ్లం. ఒక పొద్దున మెడలో కండువాతో ఒకతను ఆటో వేసుకుని వచ్చాడు.

"జై తెలంగాణ, పెద్దబాపు! రేపు స్టేషన్ ఘన్‌పూర్‌ల వంటావార్పు. మస్తు మంది వస్తున్నరు. గంజులియ్యిండ్రి, ఎల్లుండి తోమి తెచ్చిస్త."

"తోముడేంది, తెలంగాణ తెండ్రి, సాలు," అన్నాను. నేనూ ఒక చెయ్యి వేసి ఆరూ ఆటోలోకి ఎక్కించాను.

ఎల్లుండి పోయింది, వారం పోయింది. ఘన్‌పూర్ నుంచి వచ్చినవాళ్లను అడిగితే, ఆ రోజు అక్కడ ఏ పొయ్యీ వెలగలేదన్నారు. ముక్కూ మొహం తెలియనివాడికి ఇచ్చానని చెప్పడానికి నాకు నోరు రాలేదు. రాయి తీసుకుని అర్ర తాళం నేనే పగలగొట్టాను. దొంగలు పడ్డారని సంఘానికి చెప్పాను. ఠాణాలో అదే రాయించి వేలిముద్ర వేశాను.

నెల తిరిగేసరికి వాడు దొరికాడు. గంజులు అమ్మబోతే పాత సామాన్ల షాపాయనకు అనుమానం వచ్చి పోలీసులకు చెప్పాడట. గుర్తుపట్టడానికి సంఘం పెద్దమనిషి, ఆ గంజుల్లో ఎన్నో వంటలు చేసిన మా అక్క, నేను ఠాణాకు పోయాం. వాడు నన్ను చూడగానే, మేం జమేదారు అని పిలిచే హెడ్ కానిస్టేబుల్ వైపు తిరిగాడు.

"సార్, నేను దొంగతనం చెయ్యలే. గీ పెద్దబాపే ఆటోలకు ఎక్కిచ్చిండు. అడుగుండ్రి."

"ఏందిరా తమ్మీ, వాడనేది?" అంది అక్క.

జమేదారు నన్ను వరండాలోకి పిలిచాడు.

"పెద్దమనిషీ, జర ఇను. ఎవలకు తెల్వకుండ ఎత్కపోతే దొంగతనం. లేని వంటావార్పు ఉన్నదని నమ్మిచ్చి, నీ చేత్తోనే ఇప్పిచ్చుకుంటే చార్ సౌ బీస్. అడిగిననాడే వాని మనసుల మోసమున్నదని మేం చూపెట్టాలె. గది చూపెట్టొచ్చు. కని నువ్వేమో తాళం పగిలిందన్నవ్. కోర్టుల వాని వకీలు నీ తాళం పట్టుకొనే వాణ్ణి బయటికి గుంజుతడు."

"గంజులు మాకొస్తయా?"

"నువ్వో మాట, వాడో మాట అంటే, నడుమల గంజులు ఈడనే చిలుమెక్కుతయి."

"నిజం చెప్తే నాకేమైతది?"

"అబద్ధం రాయించినవ్ గద. మా సార్ తిడ్తడు. తిట్టుడు కాడనే ఆగుతదో లేదో నేను చెప్పలేను."

లోపలికి పోయి అక్క, పెద్దమనిషి, వాడు, ముగ్గురి ముందూ చెప్పాను. ఇచ్చింది నేనే, తాళం పగలగొట్టిందీ నేనే అని. జమేదారు మళ్లీ రాసుకుని చదివి వినిపించాడు. మళ్లీ వేలిముద్ర వేశాను. ఎస్సై తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. నా మీద కేసు పెట్టలేదు. వాడి మీద దొంగతనం తీసేసి మోసం కేసు రాశారు.

ఠాణా గేటు దాటగానే సంఘం పెద్దమనిషి చెయ్యి చాపాడు. "కొత్త తాళంచెవి నీ కాడనే ఉన్నది గద. ఇటియ్యి."

మొలతాడుకున్నది విప్పి ఇచ్చాను. అక్క బస్సు ఎక్కబోతూ అంది: "వాడు ఒక్క పూట మోసం జేసిండు. నువ్వు నెల రోజులు జేస్తివి గదరా."

కొన్ని నెలలకు కోర్టు ఆర్డరు మీద ఆరు గంజులూ ఊరికి వచ్చాయి. దించుకోవడానికి నన్ను పిలవలేదు.