పగటిపూట చెప్పిన కథ

నా చిన్నప్పుడు మా ఇంట్లో పొద్దుండగా కథ చెప్పకూడదు. పగలు కథ చెబితే మేనమామ దారి తప్పుతాడని మా అమ్మమ్మ నమ్మకం. మా మావయ్య, అంటే ఆవిడ ఒక్కగానొక్క కొడుకు, సాలూరులో లారీ డ్రైవరు. వారంలో నాలుగు రోజులు ఘాటు రోడ్డు మీద ఒడిశా వైపే ఉండేవాడు. అందుకని దీపాలు పెట్టక ముందు కథ ఊసెత్తితే నెత్తిన మొట్టికాయ పడేది.

నేను మూడో తరగతితో బడి మానేశాను. పక్కింటి అక్క మాత్రం పెద్ద చదువు చదివేది. ఆ వానాకాలం ఆమె లైబ్రరీ నుంచి లావుపాటి పుస్తకం ఒకటి తెచ్చింది. ఎవరో గొప్ప రచయిత జీవితం అది. ఆయన ఎక్కడ పుట్టాడు, ఎలా రాసేవాడు, రాసింది నచ్చక ఎన్నిసార్లు చింపేవాడు, అన్నీ ఉన్నాయి. అక్క రోజూ కొన్ని పేజీలు చదివి వినిపించేది. నేను ఒకసారి వింటే మరిచేదాన్ని కాను. ఒకనాడు, వయసులో ఉన్నప్పుడు ఆయన జోరువానలో గొడుగైనా లేకుండా ఇల్లు విడిచిపోయిన చోట అక్క పుస్తకం మూసేసింది.

మర్నాడు మధ్యాహ్నం అమ్మమ్మ వసారాలో చింతపండు పిక్కలు తీస్తోంది. బయట ముసురు. క్లీనరుకి జ్వరమని మావయ్య ఒక్కడే పొద్దున్నే లోడుతో బయలుదేరాడు. నాకు నోరు ఆగలేదు. ఇది కథ కాదు, నిజంగా జరిగింది, అచ్చేసి ఉందని వాదించాను. అమ్మమ్మ సరే అంది. చెప్పుకుంటూ వాన దాకా వచ్చాను. తర్వాత ఏటైందని అడిగింది. తెలియదంటే పరువు తక్కువ. కొండలూ పొగమంచూ నేనే కల్పించి, ఆ కొండల్లో ఆయన దారి తప్పాడని చెప్పేశాను.

అమ్మమ్మ చేతులు ఆగిపోయాయి. ఆవిడ నన్ను చూడలేదు. రోడ్డు వైపు చూసింది.

మర్నాడు రావలసిన మావయ్య రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడోనాడు లారీ ఓనరు మనిషి వచ్చి, ఇచ్చిన మంచినీళ్లు ముట్టకుండా చెప్పాడు. లారీ ఘాటు మలుపులో బుద్ధిగా ఓ పక్కకి ఆపి ఉందట. తాళం దానికే ఉంది. లోడు చెక్కుచెదరలేదు. సీటు కింద చెప్పులున్నాయి. అమ్మమ్మ కట్టిచ్చిన క్యారేజీకి మూత కూడా తియ్యలేదు. మనిషే లేడు.

పోలీసులు వెతికారు. తోటి డ్రైవర్లు లోయలోకి దిగి వెతికారు. ఇక ఊరు కథలు అల్లడం మొదలెట్టింది. ఏరు లాగేసిందని ఒకరు, ఒడిశాలో వేరే కాపురం పెట్టాడని ఒకరు, చూసొచ్చినట్టే చెప్పేవారు. నేను మాత్రం ధాన్యం గాదె వెనక నక్కి కూర్చునేదాన్ని. నా నోరే మావయ్యని మింగేసిందనుకున్నాను. తిండి సయించలేదు. చివరికి ఒక మధ్యాహ్నం అమ్మమ్మ ముందు కూలబడి, కొండలూ దారి తప్పడమూ పుస్తకంలో లేవని ఒప్పేసుకున్నాను.

ఆవిడ కొట్టలేదు. చెయ్యి పట్టుకుని పక్కింటికి తీసుకెళ్లి, అక్కని పుస్తకం తియ్యమంది.

"ఈ గుంటకి సదవడం ఆపీసిన కాడి నుంచి సదువమ్మా."

అక్క చదివింది. వానలో వెళ్లిన ఆ మనిషి ఏడాది పాటు ఎక్కడున్నాడో, ఏం తిన్నాడో ఎవరికీ తెలియదట. తర్వాత ఆయనా ఎవరికీ చెప్పలేదట. అందుకని ఆ ఏడాది గురించి తానేమీ రాయడం లేదని పుస్తకం రాసినాయన చెప్పుకున్నాడు. ఆ నాలుగు ముక్కలూ అమ్మమ్మ మళ్లీ చదివించుకుంది. మూడోసారి కూడా.

"ఇది రాసినోడెవుడో గానీ మనిషమ్మా," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "ఒసే, నీ మాటకి మనిషి దారి తప్పడు. నువ్వంత మొనగత్తెవి కాదు. కానీ సూడనిది సూసినట్టు సెప్పకు. తెలీని కాడ తెల్దని సెప్పి ఊరుకో. నానూ అదే సేస్తన్నాను."

ఆ రోజు నుంచి ఎవరు ఏ కబురు మోసుకొచ్చినా ఆవిడ అడిగేది ఒకటే, "నువ్వు సూసేవా?" అని. వచ్చినవాళ్లు కాఫీ తాగి లేచిపోయేవారు. ఆవిడ పోయేదాకా మావయ్య ఏమయ్యాడో తెలియలేదు. ఆ చెప్పులు మాత్రం గుమ్మం దగ్గరే ఉండేవి, అప్పుడే ఎవరో విప్పి లోపలికి వచ్చినట్టు.

ఇప్పుడు విజయనగరంలో చదువుతున్న మా మనవరాలికి రచయితల జీవితాలంటే పిచ్చి. సెలవులకి వచ్చినప్పుడు నాకు చదివి వినిపిస్తుంది. ఆ రచయిత అప్పుడు ఇలా అనుకుని ఉంటాడు అని రాగానే, ఎవరు చూశారే అని అడ్డం పడతాను. నిన్ను పోలీసుల్లో వెయ్యాల్సింది నానమ్మా అంటుంది. మొన్న మావయ్య గురించి రాస్తానని కూర్చుంది. లారీ, తాళం, చెప్పులు, మూత తియ్యని క్యారేజీ దాకా చెప్పాను. తర్వాత? అంది. అక్కడి నుంచి నాకు తెలియదే అన్నాను. ఆ మాటే రాసుకుంది.

నా మాటకి మనిషి దారి తప్పడని అమ్మమ్మ చెప్పింది. నమ్మాను. కానీ అది మాత్రం ఆవిడ చూసి చెప్పిన మాట కాదు. అందుకే మావాళ్లు ఎవరైనా దారిలో ఉంటే, చేరామని ఫోను వచ్చేదాకా, పొద్దుండగా నేను కథ ఎత్తను.