చెరిసగం గోలీలు

కొత్తవాడలో పెద్ద జంపఖానా నేయాలంటే మగ్గం ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. మా ఇంట్లో ఆ ఇద్దరూ అమ్మా, బాపూ. ఒకరు మంచం పడితే రెండోవాళ్ల పనీ ఆగిపోతుంది. అందుకని ఎవరికి జ్వరమొచ్చినా, గల్లీ చివర మందుల షాపులో తెచ్చిన గోలీలు ఇద్దరూ చెరిసగం మింగేవాళ్లు. ఒకరికి తగ్గడానికి, ఇంకొకరికి రాకుండా ఉండడానికి. వారానికని ఇచ్చినవి సగం వారానికే అయిపోయేవి. ఆలోగా ఒళ్లు తేలికపడేది, మళ్లీ మగ్గం దగ్గర చేరేవాళ్లు.

"పెండ్లాం లేంది గోలీ గూడ మింగడు" అని గల్లీలో బాపును ఆటపట్టించేవాళ్లు. బాపు మీసాల్లో నవ్వుకునేవాడు. పెళ్లయి కాజీపేటకు వచ్చాక, మా ఆయన దగ్గర నేనీ ముచ్చట ఎన్నిసార్లు గొప్పగా చెప్పుకున్నానో లెక్కలేదు. ఆయన మాత్రం తన మాత్రలు తానే మింగుతాడు.

మొన్నటి వానాకాలంలో బాపుకు నిమ్ము చేసింది. దవాఖానలో ఐసీయూకు తీసుకెళ్లి వెంటిలేటర్ పెట్టారు. మందులు మార్చి మార్చి ఎక్కించినా జ్వరం దిగలేదు. కళ్లె పరీక్ష రిపోర్టు వచ్చాక ఆయన్ని విడిగా ఒక గదిలోకి మార్చారు. లోపలికి వెళ్లే వాళ్లందరూ గౌను, గ్లవ్స్ వేసుకోవాలి, వచ్చేటప్పుడు అక్కడే విప్పేసి చేతులు కడుక్కోవాలి. "నా మొగణ్ని ముట్టుకోనీకి నాకు తొడుగులెందుకు" అని అమ్మ గొణిగింది. అయినా వేసుకుంది.

డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడింది. బాపు ఊపిరితిత్తుల్లోని క్రిములు మామూలు మందులకు లొంగడం లేదట. మిగిలిన ఒక్క మందూ ఇస్తున్నారట, దాన్ని కిడ్నీలు తట్టుకోవాలట. ఇదివరకు ఏమేం మందులు వాడారని అడిగింది. అమ్మ ముఖం వెలిగింది. ఇన్నాళ్లకు ఆయన గురించి చెప్పుకునే అవకాశం దొరికింది మరి.

"ఏదొచ్చినా ఇద్దరం చెరిసగం మింగుతం డాక్టరమ్మా. ఇన్నేండ్లల్ల ఒక్కపాలి గూడ ఆయనొక్కడే మింగలె."

డాక్టరమ్మ రాస్తున్నది ఆపింది. సగం మందుకు క్రిములన్నీ చావవని, మిగిలినవి ఆ మందుకే మొండికేస్తాయని మెల్లగా చెప్పింది.

"నా సగం గూడ ఆయనకే ఇచ్చుంటె మంచిగయితుండెనా?"

"చెప్పలేనమ్మా. ఇవి దవాఖానలో కూడా అంటుకుంటాయి. ఇప్పుడిస్తున్న మందు పనిచేస్తుందేమో చూద్దాం."

ఆమె అబద్ధమాడలేదు. ఆడితే ఏం పోయేదని నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. జ్వరం కాస్త దిగింది కానీ కిడ్నీలు తట్టుకోలేదు. బాపు ఇంటికి రాలేదు. వాళ్ల కాపురంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ముచ్చటే ఆయన ప్రాణం మీదికి తెచ్చిందేమో.

ఈ చలికాలం అమ్మకు దగ్గూ జ్వరమూ పట్టుకున్నాయి. డాక్టరుకు చూపించి, రాసిన గోలీలన్నీ తెచ్చి చేతికిచ్చాను. అన్నీ మింగాలని చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాను. సరేనంది. తర్వాతి వారం వెళితే దగ్గు ఇంకా తగ్గలేదు. మగ్గం దగ్గర, బాపు కూర్చునే పక్కన, సగం గోలీలు అలాగే ఉన్నాయి.

"చెప్పిన గదనే అమ్మా, మొత్తం మింగాలె అని."

"ఎరికే బిడ్డా" అంది. "చెయ్యి పోతలేదు. అవి మీ బాపువి."