ప్రార్థన కోసం ఆగిన బూట్లు

గురజాలలో చెప్పు కరిచిందని ఎవరైనా కుంటుకుంటూ వస్తే, ఏసోబు బాబాయి ముందు తిట్టేవాడు, తర్వాతే కాలు చూసేవాడు. "కొత్త తోలుకి ఆముదం పట్టియ్యమన్నానా లేదా? పది రోజులు ఇంట్లో తొడుక్కు తిరగమన్నానా లేదా? నీ తొందర తగలెయ్య!" అంటూనే బొబ్బ చిదమకుండా మెత్తటి గుడ్డ చుట్టేవాడు. చెప్పులు కుట్టడం ఆయన పని. పరుగు పందేలకు వెళ్ళే ఆడపిల్లలం మడమలకీ వేళ్ళ సందుల్లోనూ ఆముదం రాసుకోవాలనేవాడు. తొడలు ఒరుసుకోకుండా అక్కడా రాసుకోమని చెప్పడానికి సిగ్గుపడి, ఆ మాట మా అమ్మతో చెప్పించేవాడు.

ఆయనకు ఒక్కతే కూతురు, ఫిలోమినా. తల్లి లేదు. మైలు పరుగులో అది ఎప్పుడూ నాకన్నా పాతిక గజాలు ముందుండేది. అబద్ధమెందుకు, కుళ్ళుకునేదాన్ని.

యాభై ఏడులో నరసరావుపేటలో బడిపిల్లల పోటీలు పెట్టారు. మైలు పరుగు గెలిచిన పిల్లకు డ్రిల్లు టీచరు ట్రైనింగులో సీటు ఇప్పిస్తానని మా హెడ్మిస్ట్రెస్ మాటిచ్చింది. మిరప చేలో కూలికి పోకుండా బతకడానికి ఫిలోమినాకు ఉన్న దారి అదొక్కటే.

అది ఎప్పుడూ ఉత్త కాళ్ళతోనే పరిగెత్తేది. బాబాయికి అది నామోషీ అనిపించింది. "చెప్పులు కుట్టేవోడి కూతురు పేటలో ఉత్తకాళ్ళతో పరిగెత్తుద్దా? నా మొకాన ఉమ్మెయ్యరూ!" అని మెత్తటి తోలు ఏరి బూట్లు కుట్టాడు. పోటీకి ఇంకా పది రోజులుంది. ఆయన లెక్క ప్రకారం సరిగ్గా సరిపోయే గడువే.

కానీ మా వాళ్ళలో కొత్త బట్టయినా కొత్త నాగలైనా పాస్టరు అయ్యగారు ప్రార్థన చేయకుండా వాడరు. ఆ అయ్యగారేమో మా గుడికి నెలకోసారి వచ్చేవారు. ఈసారి ఆయన వచ్చే ఆదివారం, పోటీకి ముందు రోజు పడింది. ఆ పది రోజులూ బాబాయి బూట్లకు ఆముదం పట్టించాడే గానీ, కూతురి కాలికి తొడగనివ్వలేదు. తెల్లగుడ్డలో చుట్టి బైబిలు పక్కన పెట్టాడు.

"నడిచి చూసుకోవద్దా ఏసోబూ? ఊరందరికీ చెప్తావు గదా!" అంది మా అమ్మ.

"ఊరోళ్ళ చెప్పులు వేరు వదినా. ఇది నా బిడ్డ బతుకు. దేవుడి దీవెన లేకుండా ఎట్టా తొడగనిస్తా?"

ప్రార్థన అయిన మర్నాడు ఆ బూట్లు మొదటిసారి తొడుక్కుని ఫిలోమినా పరుగుకు నిలబడింది. పందెం నాలుగు చుట్లు. మొదటి రెండు చుట్లూ ఫిలోమినాయే ముందుంది. మూడో చుట్టులో నేను దాన్ని అందుకున్నాను. ఎన్నడూ జరగని పని! ఏమైందా అని కిందికి చూస్తే దాని మడమల దగ్గర తోలు ఎర్రగా తడిసిపోయి ఉంది.

"ఇప్పి పారెయ్యవే పిచ్చిదానా!" అన్నాను.

"నాన్న చూస్తన్నాడే," అంది.

పరుగు గీత బయట బాబాయి పక్కవాళ్ళకు వేలుపెట్టి చూపిస్తున్నాడు, "ఆ బూట్లు నేనే కుట్టా" అని. నేను దాన్ని దాటి వెళ్ళిపోయాను. గెలిచాను. అది అందరికన్నా వెనక, నడుచుకుంటూ వచ్చింది. బాబాయి బూట్లు లాగితే చర్మం కూడా ఊడొచ్చింది. ఊరందరినీ ముందు తిట్టే మనిషి ఆ రోజు ముందు తన తలగుడ్డ చింపి ఆ మడమలకు చుట్టాడు.

సీటు నాకొచ్చింది. అది ఫిలోమినాదని నేను ఒక్క మాట అనలేదు. పాపిష్టిదాన్ని. అది మిరప కోతలకు పోయింది, ఎడ్లపాడుకు కాపురానికి పోయింది, రెండో కాన్పులో చచ్చిపోయింది.

నేను మా బడికే డ్రిల్లు టీచరుగా వచ్చాను. ఏటా పోటీల రోజున ఎవరూ పిలవకుండానే బాబాయి ఆముదం డబ్బాతో వచ్చేవాడు. ఒక్కొక్క పిల్ల మడమా తడిమి చూసి రాసేవాడు. నేను విజిల్ వేసేలోపే గోడ అవతలికి వెళ్ళిపోయేవాడు. ఒక్క పందెమూ చూసేవాడు కాదు. ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు.

అరవై ఆరులో, ఒక పిల్ల మడమకు ఆముదం రాస్తూ అడిగాడు. "లీలావతమ్మా, ఆ రోజు దాని పక్కనే ఉన్నావు గదా. మద్దెలో ఇప్పేస్తే గెలిచేదే. ఎందుకు ఇప్పలా?"

"నాకు తెలవదు బాబాయ్," అన్నాను.

ఆయన చేతిలో ఉన్న పిల్ల కాలిని మెల్లగా కింద పెట్టాడు.

"నేను చూడ్డానికి రాకుండా ఉంటే ఇప్పేసేదమ్మా," అని డబ్బా మూసుకుని గోడ అవతలికి వెళ్ళిపోయాడు.