నూకకుండా కదిలిన వైకుంఠ రథం

గడ్డిఅన్నారం నుంచి పండ్ల మార్కెట్ తరలిపోయిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ ప్రాంతాలకు ఏరియా సర్వీస్ ఇంజనీరుగా వేశారు. వాహనాల బ్యాటరీలు తయారుచేసే కంపెనీ మాది. హోదా పేరు పొడుగే గానీ పని ఒక్కటే. వారంటీలో తిరిగొచ్చిన బ్యాటరీ తయారీ లోపంతో పాడైందా, వాడకంలో పాడైందా తేల్చడం. మొదటిదైతే కొత్తది ఇస్తాం, రెండోదైతే తిట్లు తింటాం. రిటైరయ్యే దాకా నేను ఎక్కువగా తిన్నవి అవే.

చేరిన కొత్తలోనే ఒక కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్షుడు కృష్ణమూర్తి గారు డీలరు షాపుకు ఒక బ్యాటరీ మోయించుకొచ్చారు. ఏలూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన లెక్చరరు. ఆ బ్యాటరీ కాలనీవారి వైకుంఠ రథానిది, ఏడాది తిరక్కుండా మూడోది. మొదట బండి కంపెనీ చెప్పిన సైజే వేయించారట. అది పోయాక ఎవరో చెప్పారని ఇంట్లో ఇన్వర్టరుకు వాడే బ్యాటరీ తెచ్చి, బానెట్ కింద పట్టకపోతే డ్రైవరు పక్క సీటు కింద తాళ్లతో కట్టించారు. దానికి బండి ఒక్కసారైనా సెల్ఫ్ తీసుకోలేదు. చివరికి పెద్దదైతే ఆగుతుందని ట్రాక్టరుకు వేసేది బిగించారు. ఇప్పుడు అదీ కూర్చుంది.

ఇలాంటి బ్యాటరీని ముందు పూర్తిగా చార్జింగ్ పెడతాం. తర్వాత ప్రతి గదిలోని యాసిడ్ చిక్కదనాన్ని హైడ్రోమీటరుతో చూస్తాం, ఆపైన లోడ్ పెట్టి పరీక్షిస్తాం. అన్నింట్లోనూ అది పాసైంది. 'తయారీ లోపం లేదు, పూర్తిగా ఖాళీ అవుతోంది' అని రాసిచ్చాను.

కృష్ణమూర్తి గారికి కోపం నషాళానికి అంటింది. "మీ బ్యాటరీకి జబ్బు లేదంటారు, మా బండి కదలనంటుంది. మధ్యలో పోయినవాళ్లు ఎవరిని అడగాలండీ?" అన్నారు.

ఆ కోపం వెనక రాంరెడ్డి గారున్నారు. కాలనీ లేవకముందు అక్కడ పొలాలున్న కుటుంబం, తొంభైకి దగ్గర పడిన మనిషి. భార్య పోయాక ఆమె పేరు మీద ఆ రథాన్ని కొనిచ్చింది ఆయనే. తన ఆఖరి ప్రయాణం కూడా అందులోనే అని అందరికీ చెప్పి పెట్టారు. అలాంటిది, ఇంటి బాల్కనీలోంచి చూస్తుండగా ఇద్దరు ఇరుగుపొరుగు వాళ్లను, బండి కదలకపోతే జనం దాన్ని తోసుకుంటూ తీసుకెళ్లారు. ఆయన అధ్యక్షుణ్ని పిలిపించారు.

"ప్రెసిడెంటు సాబ్, బతికున్నన్ని దినాలు నేను ఒకల మీద పడలే. పోయినంక నన్ను నలుగురు నూక్కుంట తీస్కపోతరా? గట్లయితే నేను పోనే పోను."

ఆయన మాట మీద నిలబడే మనిషి కావడంతో కృష్ణమూర్తి గారికి బెంగ పట్టుకుంది.

నేను బండి చూడ్డానికి వెళ్లాను. ఇంజను నడుస్తుంటే బ్యాటరీకి చార్జింగ్ సరిగ్గానే అందుతోంది. తాళం తీశాక కరెంటు ఎక్కడా కారడం లేదు. డ్రైవరు యాదగిరి మీర్‌పేట్ నుంచి వస్తాడు. "బండి కొత్తదే సార్, ఏం తిరిగిందని? పరేషాన్ చేస్తుంది గంతే," అన్నాడు. నాకూ పాలుపోలేదు. పనిలో ఉన్నప్పుడు చూస్తే తప్ప తేలదనిపించి, ఈసారి డ్యూటీ పడగానే ఫోన్ చేయమని కృష్ణమూర్తి గారికి చెప్పాను. చెప్పాక గానీ నేనేం కోరుకుంటున్నానో నాకు అర్థం కాలేదు.

కొన్నాళ్లకు పొద్దున్నే ఫోనొచ్చింది. "సార్, అయిపోయింది." మా వృత్తిలో బ్యాటరీ పోయినా ఇదే మాట. "బ్యాటరీయేనా?" అన్నాను. "కాదండీ, మనిషే! త్వరగా వస్తే బండి కదిలేలోపు మీరు చూసుకోవచ్చు." ఆ గొంతులో ఉత్సాహం ఆయనకే వినిపించినట్టుంది. వెంటనే గొంతు తగ్గించి, "పాపం, మంచివారు," అన్నారు.

పోయినాయనది రాంరెడ్డి గారి ఎదురిల్లే. నేను మల్టీమీటరు పట్టుకుని రథం పక్కన నిలబడ్డాను. చనిపోయినాయన బావమరిది నా దగ్గరికొచ్చి, "మీరేమైతరు?" అని అడిగాడు. "బ్యాటరీ తరఫు" అన్నాను. ఆయన తలూపి నాకు నీడలో కుర్చీ వేయించాడు.

ఊళ్లనుంచి రావలసిన చుట్టాలు ఇంకా వస్తున్నారు. ఇంజను ఆపేసి ఉంది. బండి మైకులో భజనలు హోరెత్తుతున్నాయి. పైన రంగుల లైట్లు, లోపల ఫ్యాన్లు తిరుగుతున్నాయి, డాష్‌బోర్డుకు చార్జింగ్ పెట్టిన చుట్టాల ఫోన్లు వేలాడుతున్నాయి. మీటరులో అంకె నా కళ్లముందే దిగిపోయింది. తీరా బయల్దేరే వేళకు యాదగిరి సెల్ఫ్ కొడితే 'టిక్కు'మని ఊరుకుంది. చుట్టాలు ఉత్తరీయాలు బిగించి తోశారు. రాంరెడ్డి గారు బాల్కనీలోంచి బండిని కాదు, నన్ను చూశారు. నాకు నిజంగా తల కొట్టేసినట్టయింది.

సంగతి చిన్నదే. ఇంజనును లేపే బ్యాటరీలో పలకలు పల్చగా ఉంటాయి. క్షణాల్లో బోలెడంత కరెంటిచ్చి, వెంటనే ఇంజను నుంచి తిరిగి నింపుకుంటుంది. గంటలకొద్దీ పిండితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. ఇన్వర్టరు రకంలో పలకలు మందం. కొంచెం కొంచెంగా చాలాసేపు ఇస్తుంది గానీ సెల్ఫ్‌కు కావలసిన ఊపు దానిలో ఉండదు. పెద్దది వేస్తే ఖాళీ కావడానికి ఇంకాస్త సేపు పడుతుంది, అంతే. శ్మశానం చూస్తే పక్కవీధిలోనే, పోయేది నడక వేగం, ఇక తిరిగి నిండేదెప్పుడు? మేమంతా ఎంత సైజు అని అడుగుతున్నామే గానీ ఏ పనికి అని అడగలేదు.

ఇంజనుకు కంపెనీ చెప్పిన సైజే మళ్లీ వేయించాను. మైకుకూ లైట్లకూ వెనక పెట్టెలో నిదానంగా ఇచ్చే రకం బ్యాటరీ విడిగా పెట్టించాను. ఇంజను ఆగగానే రెండింటినీ విడదీసే రిలే ఒకటి మధ్యలో బిగించాం. ఖాళీ రోజుల్లో సంఘం ఆఫీసులో రెండింటికీ చార్జింగ్ పెట్టమన్నాం.

చూస్తే గానీ నమ్మనన్నారు రాంరెడ్డి గారు. చూడ్డమే కాదు, ఎక్కుతానన్నారు. బతికున్నవాళ్లు అందులో ఎక్కకూడదండీ అని కృష్ణమూర్తి గారు అడ్డుపడ్డారు.

"మరి పోయినంక ఎక్కి చూస్తే, బాగుందో లేదో నీకెట్ల చెప్పాలె?"

అధ్యక్షుల వారే వెళ్లి బండి తలుపు తీసి పట్టుకున్నారు. ఇంజను ఆపి, భజనలు పెట్టి, లైట్లు వేసి ఆ పూటంతా కూర్చున్నాం. పెద్దాయన యాదగిరి పక్క సీట్లో కదల్లేదు. మధ్యాహ్నం యాదగిరి సెల్ఫ్ కొడితే ఒక్క దెబ్బకు లేచింది. ఆయన అక్కడితో దిగలేదు, దిల్‌సుఖ్‌నగర్ దాకా పోనిమ్మన్నారు. మెట్రో స్తంభాల కింద బండ్లవాళ్లు పక్కకు తప్పుకుని దణ్ణాలు పెడుతుంటే, ఆయన కిటికీలోంచి అందరికీ తిరిగి పెడుతూ వచ్చారు. షేర్ ఆటోలో చేతులు జోడించిన ఒకావిడ అది చూసి కెవ్వుమంది.

ఆ తర్వాత రిటైరయ్యే దాకా ఏ బండి వచ్చినా నా మొదటి ప్రశ్న, ఆగి ఉన్నప్పుడు ఇది ఏం పని చేస్తుంది అన్నదే. ఈ మధ్య ఆ రెండు బ్యాటరీలకూ కాలం తీరిందని కాలనీవాళ్లు పిలిస్తే వెళ్లి అవే రకాలు దగ్గరుండి వేయించాను. బాల్కనీలోంచి రాంరెడ్డి గారు వారంటీ ఎంతని కేకేశారు. మూడేళ్లన్నాను.

"మూడేండ్లేనా? జర ఎక్కువ దినాలొచ్చేది లేదా?"

లేదని ఒప్పుకున్నాను. బ్యాటరీ ఎంచేటప్పుడు అది ఏ పని చేయాలో ముందు అడగాలి. ఎన్నాళ్లు చేయాలో కూడా అడగాలి.