ఏనుగు దవడకు సారె

కడియం దగ్గర ఒక నర్సరీలో నీటిగుంట తవ్వుతుంటే రాయిగా మారిన ఎముక బయటపడిందని కబురొచ్చింది. అనంతపురంలోని మా శిలాజాల ల్యాబు నుంచి ముగ్గురం వెళ్లాం. బ్రష్షులతో, వెదురు పుల్లలతో మట్టి తొలిచి చూస్తే, పళ్లతో సహా పురాతన ఏనుగు దవడ. గోనెపట్టీలు ప్లాస్టర్లో ముంచి చుట్టాం. ఇక వ్యాన్ ఎక్కించడమే.

నర్సరీ యజమాని సత్యవతి గారు అడ్డం నిలబడ్డారు. "మా మట్టిలో దొరికింది. మీ ఊరెందుకండి?"

"గాలికి ఆరితే పగిలిపోతుందండి. మా ల్యాబులో మందు పట్టించి గట్టిపరచాలి."

ఆవిడ వంగి కట్టు మీద చెయ్యి వేశారు. "ఆడదా, మగదా?"

"ఈ దవడను బట్టి చెప్పలేమండి."

"అయితే ఆడపిల్లే. ఒట్టి చేతులతో పంపుతామా ఏంటి? సాయంత్రం దాకా ఆగండి."

సాయంత్రానికి దవడ పక్కన కాజాలు, అరిసెలు, అరటి గెల, పసుపు కుంకుమలు, కుండీలో గులాబీ మొక్క చేరాయి. అత్తారింటికి వెళ్లే కూతురికి సారె పెట్టడం తెలుసు గానీ, ఎముకకు పెట్టడం అక్కడే చూశాను.

"మీరే తినేయకండి. అక్కడ అందరికీ పంచాలి," అన్నారావిడ.

మర్నాడు ల్యాబులో గదిగదికీ పంచుతుంటే ఫోను వచ్చింది.

"పిల్ల క్షేమంగా చేరిందాండి?"

"చేరిందండి. ఒక్క పగులూ లేదు. కాజాలే చాల్లేదు," అన్నాను నవ్వుతూ.

"చాల్లేదా! అక్కడ మా పిల్ల మాట పడదూ? రేపే ఇంకో బుట్ట బస్సుకేస్తానుండండి."