షబానా చేసిన మెసేజ్ బాక్స్

ఈరోజు బ్యాంకు కంప్యూటర్లో బూడిదరంగు పెట్టె, కింద ఓకే బటన్ చూడగానే నాకు మళ్ళీ కడుపు మండింది.

టెన్త్ సెలవుల్లో చెప్పులు బయట విడిచి మదనపల్లె కంప్యూటర్ క్లాసుకెళ్ళిన వాళ్ళకు గుర్తుందా? బటన్ నొక్కితే మెసేజ్ వచ్చేలా చేయమన్నారు సారు. పుంగనూరు నుంచి బస్సులో నిలబడి వెళ్ళిన నాకేమో ఖాళీ పెట్టే వచ్చింది. పక్కసీటు షబానాకు మొదటిసారే కుదిరింది. క్లాసంతా ఆమె చుట్టూ మూగింది. నేను మొహం తిప్పుకున్నాను.

"యాల అట్ల కూర్సోనుండావు? నువ్వూ నొక్కి సూడు మే," అంది షబానా తన కంప్యూటర్ చూపిస్తూ.

విసురుగా నొక్కాను. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మెసేజ్: "సుజాతా, అన్నం తిందాం రా."

ఇంకా కుళ్ళుకున్నాను. పొద్దున్నుంచీ నా పెట్టెలో నేను తెప్పించాలని తంటాలు పడుతున్నదీ నా పేరే.