మొదటి పన్నుకే డాక్టరన్న నర్సమ్మగారు

మా పక్కింటి నర్సమ్మగారు పోయిన ఆదివారం కన్నుమూశారు. ఈ హిందీ ఊళ్లో, దేవేంద్ర నగర్‌లో పన్నెండేళ్లు గోడకి అటు ఆవిడ, ఇటు మేము. కబురు విని మా ఆవిడ ఏడ్చేసింది. మా అమ్మాయి పళ్లు ఇవాళ బాగున్నాయంటే ఆవిడ చలవే.

ఎనిమిదో నెలలో పిల్లకి పన్ను వచ్చిందని మురిసిపోతూ ఆవిడకి చూపించాం. ఆవిడ రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. "మొదటి పన్ను వచ్చిందిగా బాబూ, డెంటిస్ట్‌కి చూపించు. ఏడాది నిండేలోపు తీసుకెళ్లాలి" అన్నారు.

"ఊడిపోయే పాలపళ్లకి డాక్టరెందుకండీ?" అని నవ్వేశాను. అన్నీ తెలిసినవాణ్ణి మరి! పైగా పుట్టువెంట్రుకలు తీయించేదాకా పిల్లకి ఇనుము తగలకూడదని మా అమ్మ పట్టు. సింహాచలం వెళ్దామంటే నాకు సెలవు కుదరదు. అలా పదకొండో నెల వచ్చేసింది. పిల్ల మాత్రం చక్కెర వేసిన పాలసీసా నోట్లో పెట్టుకునే నిద్రపోయేది. మాకది ముద్దుగా ఉండేది.

ఆవిడ ఊరుకోలేదు. క్రిస్మస్ కేకు ఇవ్వడానికి వచ్చి నేరుగా మా అమ్మనే పట్టుకున్నారు. "అమ్మగారూ, అప్పన్నస్వామి జుట్టు అడిగాడు గానీ పళ్లడగలేదు కదా! చలియే, పదండి, ఆటో పిలుస్తా."

మా అమ్మకి నవ్వాగలేదు. ఒప్పుకుంది.

శంకర్ నగర్‌లో డాక్టరూ, ఆవిడా మోకాళ్లు ఆనించి ఎదురెదురుగా కూర్చున్నారు. పిల్ల తల ఆయన ఒళ్లో, కాళ్లు ఈవిడ ఒళ్లో. రెండు నిమిషాల్లో చూడటం అయిపోయింది. పై పళ్ల మీద, చిగుళ్ల దగ్గర, సుద్దతో గీసినట్టు తెల్లటి చార. పుచ్చు మొదలవుతోందట. "అచ్ఛా హువా, జల్దీ లే ఆయే" అని, తొందరగా తెచ్చి మంచిపని చేశారన్నాడాయన. ఏదో పూత పూసి, పాలసీసాతో నిద్రపుచ్చొద్దని గట్టిగా చెప్పాడు.

తిరుగు దారిలో ఆవిణ్ణి మెచ్చుకోబోయాను.

"వద్దు బాబూ. వార్డులో ఊరందరి పిల్లల్నీ చూసుకున్నాను. నా కొడుకు నోరు మాత్రం, నాలుగో ఏట నొప్పితో ఏడ్చేదాకా చూళ్లేదు. నాలుగు పళ్లు పీకించాల్సొచ్చింది" అని ఆవిడ రోడ్డు వైపు తిరిగిపోయారు. నా తెలివంతా ఆ ఆటోలోనే దిగిపోయింది.

సీసా మాన్పించడమంటే మాటలా! మూడు సాయంత్రాలు ఆవిడే వచ్చి, తడిగుడ్డతో పళ్లు తుడిచి, పిల్లని భుజాన వేసుకుని వసారాలో తిరిగారు. నాలుగో రోజు పిల్ల సీసా అడగలేదు. ఆ చార ముదరలేదు.

సోమవారం చర్చిలో మా అమ్మాయి చేతికి పూలిచ్చాం. దానికిప్పుడు ఐదేళ్లు. పూలు పెట్టింది గానీ కదల్లేదు. రోజూ బడికి వెళ్తూ ఆవిడ గేటు దగ్గర ఆగి పళ్లు చూపించడం దానికి అలవాటు. వెనకవాళ్లు నడవమంటున్నా వినకుండా, శవపెట్టె అంచు పట్టుకుని మునివేళ్ల మీద లేచి, మూసి ఉన్న ఆ కళ్ల ముందు నోరు బార్లా తెరిచి నిలబడింది.